సున్నా చుట్టిన అంకెలు ⑳ దాకా బాగుండి ㉑ నుంచి ఎందుకు చెడతాయి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినాను. మీ చిత్తూరు బృందం కాణిపాకం, పూతలపట్టు, చంద్రగిరి మీదుగా నడిచి శ్రీవారి మెట్టు ఎక్కుతుంది. దారిలో ఆగే చోట్లు 27. కరపత్రంలో మ్యాపు వేసి ఒక్కో చోటికి సున్నా చుట్టిన అంకె పెట్టినావు. ① నుంచి ⑳ దాకా ముచ్చటగా వచ్చినాయి. ㉑ నుంచి లావుగా, ఇంకేదో ముఖంతో వచ్చినాయి, కొందరి ఫోన్లలో అయితే ఒట్టి డబ్బాలు. ఒక్కో గుంపులో ఎంతమంది ఉన్నారో కూడా అందంగా ఉంటుందని ఎక్సెల్‌లో అవే అంకెలతో రాసినావు, మొత్తం కూడితే సున్నా వచ్చింది. ఆఖరున, మన తెలుగు అంకెలకే సున్నా చుట్టొచ్చా అని అడిగినావు.

మూడూ ఒక దగ్గరికే వస్తాయి. నువ్వు అంకె అనుకుంటున్నది కంప్యూటర్ లెక్కలో అంకె కాదు, అంకె బొమ్మ ఉన్న ఒక అక్షరం. ②, ③ అని రాసి కూడమంటే 'క', 'గ' కూడమన్నట్టే. ఎక్సెల్ కూడికలో అక్షరాలుండే గడుల్ని పక్కకు నెడుతుంది. అన్నీ అక్షరాలే అయినప్పుడు మిగిలేది సున్నానే.

నేను తిరుపతిలో డీటీపీ (కంప్యూటర్లో అచ్చుకు పేజీలు కూర్చే) పనిలో దిగి పాతికేళ్లు దాటింది. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ తెలుగు ఫాంట్ల కాలం నుంచి ఈ 'రౌండ్ నంబర్ల' తలనొప్పి పడుతూనే ఉన్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ⑳ దగ్గర తెగడం సంగతి. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టిక, అందులో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది కదా. ① నంబరు 9312. అక్కడి నుంచి వరసగా ⑳ దాకా, అంటే 9331 దాకా పోతాయి. ఆ వెంటనే ㉑ ఉంటుందనుకుంటాం. ఉండదు. అక్కడ బ్రాకెట్లో పెట్టిన అంకెలు ⑴ ⑵ మొదలవుతాయి, వాటి తర్వాత చుక్క పెట్టినవి ⒈ ⒉. ㉑ మూడున్నర వేల నంబర్ల అవతల, 12881 దగ్గర ఉంది. ㉟ దాకా పోయి మళ్లీ తెగుతుంది. ㊱ నుంచి ㊿ దాకా ఇంకో చోట, 12977 నుంచి 12991. ఆ తర్వాత లేనే లేవు. 51కి సున్నా చుట్టిన అక్షరం యూనికోడ్‌లో లేదు, ఎంత వెతికినా దొరకదు. సున్నాకు చుట్టిన సున్నా ⓪ మాత్రం ①కు ముందు కాకుండా 9450 దగ్గర, సున్నా చుట్టిన ఇంగ్లీషు అక్షరాలన్నీ అయిపోయిన తర్వాత కూర్చుంది. పెళ్లిపందిట్లో వరుడి కుర్చీ వంటశాల పక్కన వేసినట్టు.

ఈ గజిబిజికి ఒక చరిత్ర ఉంది. ఈ అక్షరాలు మన అవసరానికి పుట్టినవి కావు, తూర్పు ఆసియా వాళ్లవి. యూనికోడ్‌కు ముందు ఒక్కో దేశానికి సొంత అక్షరాల పట్టిక ఉండేది. చైనా 1980లో చేసుకున్న జీబీ 2312 పట్టికలో ① నుంచి ⑩ దాకా పెట్టుకున్నారు. కొరియా వాళ్లు 1987 నాటి తమ పట్టికలో ⑮ దాకా. జపాన్ జాతీయ పట్టికలో మొదట ఇవి లేవు, ఎన్ఈసీ కంపెనీ తన కంప్యూటర్లలో ఖాళీగా ఉన్న వరసలో ⑳ దాకా సొంతంగా నింపుకుంది. విండోస్ ఆ వరసనే తీసుకుంది, మ్యాకింటాష్ అదే చోట వేరే గుర్తులు పెట్టుకుంది. దాంతో విండోస్‌లో ① అని టైపు చేసి పంపితే, మ్యాక్‌లో బ్రాకెట్లో 'ఆదివారం' గుర్తు కనిపించేది. జపాన్‌లో వీటిని 'యంత్రాన్ని బట్టి మారే అక్షరాలు' అని పిలిచి, ఈమెయిల్లో వాడొద్దని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. నీ ఫోన్ డబ్బాల బాధ వాళ్లు మనకంటే చాలా ముందే పడినారు.

యూనికోడ్ 1991లో మొదలైనప్పుడు పాత పట్టికల్లో ఉన్నదేదీ పోకూడదనే నియమంతో వీటిని ఉన్నవి ఉన్నట్టు చేర్చుకుంది. అందుకే ⑳ దగ్గర ఆగింది. జపాన్ వాళ్లు 2000లో కొత్త పట్టిక వేసి ㊿ దాకా పెంచితే, 2002లో యూనికోడ్ 3.2లో మిగతావి చేరినాయి. అప్పటికి ⑳ పక్కన జాగా లేదు, దొరికిన చోట సర్దినారు.

నల్ల సున్నాలో తెల్ల అంకె ❶ ❷ కథ ఇంకో దారి. హెర్మన్ జాఫ్ అనే జర్మన్ అక్షరశిల్పి 1978లో వచ్చిన జాఫ్ డింగ్‌బ్యాట్స్ అనే గుర్తుల ఫాంటు గీసినాడు. కత్తెర, చెయ్యి, పువ్వు, టిక్ మార్కు ఇట్లాంటివన్నీ అందులోవే. లేజర్ ప్రింటర్లలో ఆ ఫాంటు ముందుగానే ఉండేది కాబట్టి లోకమంతా పాకింది, యూనికోడ్ దాన్ని కూడా మూటగట్టి తెచ్చుకుంది. అందులో ❶ నుంచి ❿ దాకానే ఉన్నాయి, 10102 నుంచి 10111. నల్ల పదకొండు ⓫ 2002లో చేరింది, దాని నంబరు 9451. అంటే కోడు నంబర్ల వరసలో పెట్టే ప్రోగ్రాములో నల్ల అంకెల్ని సర్దమంటే ముందు ⓫ నుంచి ⓴ వచ్చి, ఆ తర్వాత ❶ వస్తుంది. లిస్టులో వరస తప్పిందని ఎవరైనా మొత్తుకుంటే నేను ముందు అడిగేది 'తెల్లవా నల్లవా' అని.

ఇక నీ ㉑ లావుగా ఎందుకొచ్చింది? నువ్వు వాడిన తెలుగు ఫాంటులో ఈ గుర్తులు ఉండవు. మండలి, రామభద్ర, గౌతమి ఏదైనా కానీ, తెలుగు ఫాంటు చేసేవాళ్లు తెలుగు అక్షరాలు, మామూలు అంకెలు, కొన్ని విరామచిహ్నాలు చేస్తారు, అంతే. లేని అక్షరం వచ్చినప్పుడు కంప్యూటర్ నీకు చెప్పకుండా ఇంకో ఫాంటు దగ్గర అప్పు తెస్తుంది. ① నుంచి ⑳ చాలా గుర్తుల ఫాంట్లలో ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచి తెస్తుంది. ㉑ నుంచి ఉన్నవి ఎక్కువగా జపనీస్, కొరియన్, చైనీస్ ఫాంట్లలోనే. వాటి కొలతలు వేరు, ఒక్కో గుర్తు కంజి (చైనా లిపి) అక్షరమంత చదరం పట్టుకుంటుంది. ఇద్దరు అప్పులోళ్లు ఇచ్చిన సరుకు ఒకే రకంగా ఎట్లా ఉంటుంది? పాత ఫోన్లో ఆ రెండో ఫాంటు లేకపోతే అప్పు పుట్టదు, డబ్బా మిగులుతుంది.

డబ్బా వచ్చిందంటే అక్షరం క్షేమం, ఫాంటు లేదు అని అర్థం. దాని బదులు టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు 'ఏ', పక్కన ఒక కొటేషన్ గుర్తు వచ్చినాయంటే అది వేరే జబ్బు. యూనికోడ్ అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ① మూడు బైట్లు: 226, 145, 160. పాత విండోస్ పశ్చిమ యూరప్ పట్టిక ప్రకారం చదివితే 226 టోపీ 'ఏ', 145 కొటేషన్ గుర్తు, 160 కంటికి కనిపించని ఖాళీ. ఫైల్ సీఎస్వీగా సేవ్ చేసి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. తెరవడం తప్పు, ఫైల్ తప్పు కాదు. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 అని చెప్తే బాగయిపోతుంది. అట్లానే సేవ్ కొట్టినావో, ఇక అది నిజంగానే చెడుతుంది.

మూడో రకం మా డీటీపీ వాళ్ల పాపం. పేజ్‌మేకర్ రోజుల్లో మేము రౌండ్ నంబర్లు వింగ్‌డింగ్స్ అనే గుర్తుల ఫాంటులోంచి తీసేవాళ్లం. అందులో 129వ చోట ①, 140వ చోట ❶ ఉంటాయి. కానీ అది యూనికోడ్ అక్షరం కాదు, ఇంకేదో అక్షరానికి వింగ్‌డింగ్స్ ముసుగు. అనూ ఫాంట్ల తెలుగు కూడా అంతే, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు. ఆ ఫైళ్లను తర్వాత యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కన్వర్టర్‌కు ఏది అనూ, ఏది వింగ్‌డింగ్స్ తెలియదు. రౌండ్ నంబర్లను కూడా తెలుగు ముక్కలే అనుకుని మార్చేస్తుంది. ప్రతి పేరా మొదట్లో అర్థంలేని ఒత్తు ఒకటి వేలాడుతూ ఉండే పాత తెలుగు పీడీఎఫ్‌లు, వెబ్ పేజీలు నువ్వు చూసే ఉంటావు. వాటిలో కొన్ని ఒకప్పుడు ①, ② అయి ఉంటాయి. కొన్ని నేను చేసినవే అయి ఉంటాయి.

ఇప్పుడు నన్ను బాగా దెబ్బకొట్టిన సంగతి. కొన్నేళ్ల కింద ఇక్కడి ఒక సంస్థకు పుస్తకాల కేటలాగ్ చేసినాను. కొన్ని పుస్తకాలకు పోస్టు ఖర్చు అదనం. అది చెప్పడానికి ధర పక్కనే ② పెట్టి, పేజీ అడుగున ② పోస్టు ఖర్చు వేరు అని రాసినాను. అచ్చులో ఎంత చక్కగా ఉందో! '120②' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఆర్నెల్లకు వాళ్లు అదే ఫైల్ ఇంకొకరికిచ్చి వెబ్‌సైట్లో ఎక్కించుకున్నారు. ఆ అబ్బాయి ప్రోగ్రాం, రకరకాల అక్షరాల్ని సాపు చేసి మామూలు రూపానికి తెచ్చే పద్ధతి ఒకటి వాడింది. యూనికోడ్‌లో దానికి ఎన్ఎఫ్‌కేసీ అని పేరు. ఆ పద్ధతిలో ② అంటే 2. చుట్టిన సున్నా ఒట్టి అలంకారం కింద లెక్క, ఊడదీసి పారేస్తుంది. 120② కాస్తా 1202 అయింది. రెండు రోజులకు ఒక పెద్దాయన ఫోను: 'ఏం సామీ, ఆ శతకం బంగారు రేకుల మీద అచ్చేసినారా?'

ఆ ప్రోగ్రాం చేసింది తప్పు కాదు. యూనికోడ్ పట్టికలోనే ② పక్కన 'ఇది సున్నా చుట్టిన 2' అని రాసి ఉంటుంది. తమాషా ఏమంటే, నేను ❷ వాడి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదు. జాఫ్ ఫాంటులోంచి వచ్చిన నల్ల అంకెలకు ఆ మాట రాయలేదు, సాపు చేసినా అట్లానే నిలబడతాయి. ⓫, రెండు సున్నాలు చుట్టిన ⓵ కూడా అంతే. బ్రాకెట్ అంకె ⑴ అయితే మూడు అక్షరాలుగా విడిపోతుంది, ⒈ అయితే అంకె, చుక్కగా. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉండేవాటికి లోపల ఇంత తేడా.

ప్రోగ్రాం రాసేవాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి వాళ్లకో ముక్క. పైథాన్ అనే ప్రోగ్రాం భాషలో ①ను 'నువ్వు అంకెవా' అని ఈజ్‌డిజిట్‌తో అడిగితే అవునంటుంది. ఆ మాట నమ్మి ఇంట్‌తో సంఖ్యగా మార్చబోతే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలుతుంది. ⑩ను అడిగితే కాదంటుంది, ఎందుకంటే అది ఒక్క అంకె కాదు. అడగాల్సింది ఈజ్‌డెసిమల్ అని, అది ①ని సరిగ్గా తోసిపుచ్చుతుంది. అదే మన ౧౨ ఇస్తే? ఏ గొడవా లేకుండా 12 అని చదువుకుంటుంది. తెలుగు అంకెలు యూనికోడ్ దృష్టిలో అసలు సిసలు దశాంశ అంకెలు. మనమే వాటిని క్యాలెండర్లకూ శుభలేఖలకూ పరిమితం చేసినాం.

దాంతో నీ ఆఖరి ప్రశ్నకు వచ్చినాం. సున్నా చుట్టిన తెలుగు అంకెలు యూనికోడ్‌లో విడిగా లేవు. ముందున్న అక్షరానికి సున్నా చుట్టే గుర్తు ఒకటి ఉంది, నంబరు 8413. ౧ టైపు చేసి వెనకనే దాన్ని పెడితే సిద్ధాంతం ప్రకారం ౧ చుట్టూ సున్నా రావాలి. ఇదిగో చూడు: ౧⃝. నీ ఫోన్లో ఎట్లా కనిపించిందో నాకు తెలియదు కానీ నా కంప్యూటర్లో సున్నా పక్కకు జారింది. తెలుగు ఫాంటుకూ ఆ గుర్తుకూ పరిచయం లేదు మరి. పైగా అది ఒక్క అక్షరానికే చుడుతుంది, ౨౧ రాస్తే ౧కి మాత్రమే. కాబట్టి అచ్చు పనికి మర్చిపో.

ఇంకొకటి, తెలుగు అంకెలు టైపు చేసేటప్పుడు ౦ జాగ్రత్త. మన భాషలో అంకె సున్నా, అక్షరం పక్కన పెట్టే సున్నా రెండూ గుండ్రమే, పేరూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అక్షరం సున్నా 3074, అంకె సున్నా 3174, సరిగ్గా నూరు తేడా. ౧౦ అని కనిపించేది నిజంగా ౧ం అయి ఉండొచ్చు. కీబోర్డులో అక్షరం సున్నా చేతికి తొందరగా అందుతుంది కాబట్టి చాలామంది అదే కొట్టేస్తారు. కంటికి తేడా తెలియదు, వెతికితే దొరకదు.

ఇప్పుడు నీ పని. ఎక్సెల్‌తో మొదలుపెట్టు. లెక్కల గడుల్లో మామూలు అంకెలే ఉండాలి. ఇప్పటికే ఎక్కించిన వాటిని చేత్తో మార్చాల్సిన పని లేదు. యూనికోడ్ అనే ఫార్ములా గడిలోని అక్షరం నంబరు చెప్తుంది. వచ్చింది 9312 నుంచి 9331 లోపు అయితే 9311 తీసెయ్యి, 12881 నుంచి 12895 లోపు అయితే 12860, 12977 నుంచి 12991 లోపు అయితే 12941. మిగిలిందే నీ అసలు అంకె. ఉదాహరణకు ㉔ నంబరు 12884, అందులో 12860 పోతే 24. అందానికి పక్క గడిలో సున్నా కావాలంటే ఇదే లెక్క తిరగేసి యూనిచార్ అనే ఫార్ములాకు ఇవ్వు. 2013 నుంచి వచ్చిన ఎక్సెల్‌లన్నిటిలో ఈ రెండూ ఉన్నాయి. వర్డ్‌లో ఒకటో రెండో కావాలంటే 2460 టైపు చేసి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ① వస్తుంది, 2461కి ②. ఇవి పదికి బదులు పదహారు అంకెలు వాడే లెక్కలో (హెక్సాడెసిమల్) నంబర్లు. ఆ లెక్కలో 2460 అంటే మామూలు లెక్కలో పైన చెప్పిన 9312.

వాట్సాప్‌లో పంపే లిస్టుకు సున్నాలు మానేసి '1.' '2.' అని రాయి. చూడ్డానికి రంగులే కావాలంటే నీలం డబ్బా అంకెలు 1️⃣ 2️⃣ ఉన్నాయి. అవి మామూలు 1, 2 వెనక రెండు గుర్తులు తగిలించినవి, అందుకే ఫోన్ వాటిని గీయలేకపోయినా కనీసం అంకె మిగులుతుంది. 24కి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఎస్సెమ్మెస్ పంపే ఆలోచన ఉంటే, ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక్క ① పడినా 160 అక్షరాల హద్దు 70కి పడిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. తెలుగు మెసేజ్ అయితే ఎట్లాగూ 70నే.

లింకుల గురించి కూడా ఒక మాట. సున్నా చుట్టిన ఇంగ్లీషు అక్షరాలతో వెబ్ చిరునామా రాసినా బ్రౌజర్ వాటిని మామూలు అక్షరాలుగా మార్చుకుని తెరిచేస్తుంది. దర్శనం టికెట్లనో గదులనో చెప్పి అట్లాంటి లింకు ఎవరైనా పంపితే మీ గ్రూపులో వాళ్లను నొక్కనివ్వొద్దు. నిజమైన సైటుకు ఆ వేషం అవసరం లేదు.

మ్యాపు సంగతి. అందులో అక్షరంగా ㉑ వాడకు. బొమ్మలు గీసే కోరెల్‌డ్రాలో కానీ ఇంక్‌స్కేప్‌లో కానీ 5 మిల్లీమీటర్ల వలయం ఒకటి గీసుకో, మధ్యలో 9 పాయింట్ల మందపాటి అక్షరంతో అంకె పెట్టు, రెండూ ఎంచుకుని మధ్యకు అలైన్ చేసి గ్రూప్ చెయ్యి. దాన్నే 27 కాపీలు తీసి అంకెలు మార్చుకో. రెండంకెల వాటిని అడ్డంగా కొంచెం నొక్కితే వలయంలో సర్దుకుంటాయి. ఇట్లా చేస్తే తెలుగు అంకెలు కావాలన్నా, 51 కావాలన్నా, ఎర్ర వలయం కావాలన్నా నీ ఇష్టం. ౦కి సున్నా చుడితే మాత్రం రెండు సున్నాలు ఒకదాంట్లో ఒకటి కూర్చుని కన్నుగుడ్డులా కనిపిస్తుంది, ౧౦, ౨౦ దగ్గర వలయం కాస్త పెద్దది గీసుకో. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఒట్టి గీతల బొమ్మగా) మార్చి పీడీఎఫ్ తియ్యి, అప్పుడు అక్కడ ఏ ఫాంటు ఉన్నా లేకపోయినా నీ బొమ్మ మారదు.

నల్ల వలయంలో తెల్ల అంకె రాత్రిపూట టార్చి వెలుగులో బాగా కనబడుతుందని నీకు తోచొచ్చు. నిజమే, కానీ కరపత్రాలకు వాడే పలుచని కాగితం మీద సిరా పాకుతుంది. 5 మిల్లీమీటర్ల నల్ల వలయంలో 6, 8 పొట్టలు నిండిపోయి రెండూ ఒకటే అవుతాయి. 8 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే తెల్ల వలయమే పెట్టు. శ్రీనివాస మంగాపురం దాటినాక నీ మ్యాపులో 25, 26, 27 ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటిని మ్యాపు అంచుకు లాగి సన్న గీతతో చోటు చూపించు. ఎక్సెల్ ఫైల్ ఇక్కడ పెట్టేటప్పుడు యాత్రికుల ఫోన్ నంబర్ల వరస తీసేసి పెట్టు, ఫార్ములా నేను రాసిస్తాను.